ఏంటికని అడిగిన మనిషి

పెనుకొండ కోర్టు హాల్లో వెనక నుంచి రెండో బెంచీ, కిటికీ పక్క చోటు. పోయిన వారం అక్కడ ఎవరో చెక్కు కేసు పార్టీ ఒకాయన కాళ్ళు బారజాపుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పోయి తట్టి లేపుదామని రెండడుగులు వేసి ఆగిపోయాను. ఏమని లేపుతాను? ఆ చోటు ఎవరి పేరునా రాసిచ్చింది కాదు. అక్కడ కూర్చునే మనిషి ధర్మవరంలో చనిపోయి అప్పటికి నెల దాటింది.

మధ్యాహ్నం సంగటి తిని, మగ్గం పక్కన చాప మీద నడుం వాల్చి, మళ్ళీ లేవలేదని ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. "ఒక్క మాటన్నా అడక్కుండా పోయినాడు మేడం" అని ఏడ్చింది. ఆమెతో పాటు నేనూ ఏడ్చాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నవ్వొచ్చింది. బతికినన్నాళ్ళూ అడగడం తప్ప వేరే పని పెట్టుకోని మనిషి, పోయే ముందు యముణ్ణి ఒక్క మాట అడక్కుండా ఎట్లా పోయాడో నాకు అర్థం కాలేదు. దారిలో అడిగే ఉంటాడు.

నేను హిందూపురంలో లాయర్ని. వారానికి రెండు రోజులు పెనుకొండ కోర్టుకు వెళ్తాను. మొదట్లో ఆయన్ను చూసి ఏదో కేసులో పార్టీ అనుకున్నాను. తెల్ల పంచె, మోచేతుల దాకా మడిచిన చొక్కా, భుజం మీద ఎర్రంచు తువ్వాలు. ధర్మవరం నుంచి పొద్దున రైలుకు దిగేవాడు, సాయంత్రం రైలుకు ఎక్కేవాడు. నెలలు గడిచినా ఏ కేసులోనూ ఆయన పేరు పిలవలేదు. సాక్షి కూడా కాదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"పెద్దాయనా, నీ కేసేంటి?"

"నాకేం కేసు లేదు మ్మా. చూసేకి వస్తాండా."

"ఏం చూసేకి?"

"అడిగేది చూసేకి. ఆ పోలీసాయప్పను జడ్జి గారు 'ఏంటికి పట్టుకున్నావు, యాడ పట్టుకున్నావు, ఎవరు చూసినారు' అని అడుగుతారు గదా. అది వింటాంటే నాకు కడుపు నిండుతాది."

పట్టుచీరలు నేసే ఇంటి మనిషి ఆయన. కొడుకు చేతికి మగ్గం ఇచ్చేశాక తీరిక దొరికింది. ఆ వయసు వాళ్ళు భజనలకు పోతారు, లేదంటే కట్ట మీద కూర్చుని లోకాన్ని తిట్టిపోస్తారు. ఈయన కోర్టుకొచ్చి కూర్చునేవాడు. జడ్జీలను చీరల్ని బేరీజు వేసినట్టే బేరీజు వేసేవాడు. ఒకాయన "పోగు తెగినా పట్టించుకోడు", ఇంకొకామె "నిదానమే గానీ నేత గట్టి". మా లాయర్ల గురించి ఏమనేవాడో నాకు చెప్పలేదు. నేను అడగనూ లేదు, ధైర్యం చాలలేదు.

ఏ కాగితం చేతికిచ్చినా ముందు తిరగేసేవాడు. పెళ్ళి పత్రికైనా, కరెంటు బిల్లైనా, మా నోటీసులైనా. వెనక వైపు తెల్లగా ఉన్నా ఒక నిమిషం చూసి, అప్పుడు ముందు వైపు చదివేవాడు. ఎందుకని అడిగితే, చీర కొనేటప్పుడు అట్లే చూడాలంట. "ముందర అందరూ బాగనే నేస్తారు మ్మా. వెనక తిప్పితేనే పనోడి సంగతి తెలిసేది."

ఇక ఎందుకు అనడానికి ఆయన వాడే ఆ "ఏంటికి" సంగతి. కోపంగా అడిగేవాడు కాదు. తగాదా పెట్టుకునే వాళ్ళ గొంతు ఒకటుంటుంది, అది ఆయనకు ఎప్పుడూ రాలేదు. పసిపిల్లలు అడిగినట్టు, నవ్వుమొహంతో, జవాబు కోసం నిజంగా ఎదురుచూస్తూ అడిగేవాడు. కండక్టర్ బస్సు ఆపకపోతే ఏంటికి. డాక్టరు మాత్ర మారిస్తే ఏంటికి. కోడలు చారులో చింతపండు తగ్గిస్తే ఏంటికి. "మామా, ఇంట్లో చింతపండు అయిపోయిండాది" అని ఆమె చెప్తే, "అట్ల చెప్పు, అయితే బాగుండాది చారు" అని రెండోసారి పోయించుకునేవాడు. కారణం తెలిస్తే చాలు, ఎంత చప్పటి చారైనా ఆయనకు దిగేది. పెనుకొండ కోర్టులో గుమాస్తాలు ఆయనకు ఏంటికప్ప అని పేరు పెట్టారు. విని సంతోషించాడు. ఊరికే పెట్టలేదు, కారణముండాది అన్నాడు.

ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో ఒక వాన రోజు చెప్పాడు. కోర్టు వాయిదాలన్నీ పడిపోయి, ఎదురుగా హోటల్లో ఇద్దరం ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తింటున్నాం.

"ఎమర్జెన్సీ అని ఉండె గదా మ్మా, అప్పుడు నాకు ఇరవై రెండేండ్లు. అన్నం తట్ట ముందర కూర్చున్యా, ఇద్దరొచ్చినారు. 'ఐదు నిమిషాలు వచ్చిపో' అన్నారు. ఎంగిలి చెయ్యి గూడా కడుక్కోలా. ఆ ఐదు నిమిషాలు పది నెలలు పట్టె."

"ఏ కేసు మీద?"

"అదే గదా నేను అడిగేది!" అని గట్టిగా నవ్వాడు. బజ్జీ పొలమారి నీళ్ళు తాగాడు. "కేసు ల్యా, కోర్టు ల్యా. ఒక కాగితంలో నా పేరు, మా నాయన పేరు ఉండె. తిరగేసి చూసినా, వెనకాల ఏమీ ల్యా. నేనే రకరకాలుగా అనుకున్యా. పట్టు ధర తగ్గించమని మీటింగు జరిగితే వెనకాల నిలబడినా, అది కావచ్చు. ఒకాయప్పకు సైకిలు ఎరువిచ్చినా, ఆయప్ప యాడికి తొక్కినాడో నాకు తెలీదు, అది కావచ్చు. మా వీధిలో నా పేరోళ్ళు ముగ్గురుండిరి, ముగ్గుర్లో నేనే ఇంట్లో దొరికినా. అదీ కావచ్చు."

"లాయర్ని పెట్టుకోలేదా?"

"లోపల చదువుకున్నోళ్ళు శానామంది ఉండిరి. కోర్టుకు రాద్దామా అని అడిగితే, 'ఈ పొద్దు దేశంలో ఏ జడ్జీ ఆ మాట అడిగేకి లేదు, పైకోర్టే అట్ల చెప్పింది' అన్నారు. నాకు జైలంటే భయం ల్యాకుండె. పది మందితో కలిసి తింటి, పండుకుంటి. ఆ మాటకు మాత్రం భయమేసింది మ్మా. అడిగేకి ఎవరూ లేరంటే, ఇంక నేను ఉన్నట్టా లేనట్టా?"

ఎమర్జెన్సీలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆ తీర్పు గురించి లా కాలేజీలో నేను మార్కుల కోసం చదివాను. పరీక్ష అయిపోగానే మరిచిపోయాను. ఎదురుగా బజ్జీ తుంచుకుంటున్న మనిషి బతుకులో అది పది నెలలని తెలిసినప్పుడు సిగ్గేసింది. చాలా ఏళ్ళ తరవాత ఆ కోర్టే తన తీర్పు తప్పని ఒప్పుకుందని చెప్పాను. ఆయనకా సంగతి తెలీదు. ప్లేటు పక్కకు జరిపి, "ఏంటికి తప్పో రాసినారా?" అన్నాడు. రాశారు, చాలా పేజీలు రాశారని చెప్పాను. "అట్లయితే సరే" అని నా వంతు బజ్జీ కూడా తీసుకున్నాడు.

రొళ్ల నుంచి ఒకామె నా ఆఫీసుకు వచ్చింది ఆ తరవాతి ఏడాదే. ముప్పై ఐదేళ్ళుంటాయి. గొర్రెలు కాసుకునే కుటుంబం. భర్త మాత్రం రెండేళ్ళుగా మరో పనిలో దిగాడు. అటు కర్ణాటక నుంచి మందు ప్యాకెట్లు మోటార్‌ సైకిల్ మీద ఇటు తెచ్చి అమ్మడం. నాలుగు కేసులయ్యాయి. నాలుగింట్లోనూ బెయిలొచ్చింది. ఆఖరి బెయిలు మీద బయటికొచ్చిన రోజే ముందస్తు నిర్బంధం కింద ఇంకో ఆర్డరు చేతికిచ్చి కడప జైలుకు తీసుకెళ్ళారు. విచారణ లేదు, బెయిలు లేదు. ఏడాది దాకా లోపలే.

"ఆయప్ప లేక మంద కాసేకి కాలేదు లాయరక్కా. మేపు కోసం దూరం పోవల్ల, ఆడదాన్ని ఒక్కదాన్నే యట్ల తోలుకోని పోదు? ఏడాదంటే ఒక్క గొర్రె గూడా మిగలదు. యట్లన్నా చేసి ఇంటికి తెప్పియ్యి" అంది.

నేను ఆ కాగితాలు చూసి పెదవి విరిచాను. భాగాల దావాలు, చెక్కు కేసులు చేసుకునే దాన్ని, ఇట్లాంటివి ఎప్పుడూ ముట్టుకోలేదు. పైగా ఆయనగారు మందు మోసింది నిజమే. మనకెందుకొచ్చిన గొడవ అని కూడా లోపల అనుకున్నాను, దాచడమెందుకు. ఆ పొద్దు హిందూపురం కోర్టు చూడ్డానికి వచ్చిన ఏంటికప్ప, అదే టైముకు రైలుకు ఇంకా గంట ఉందని నా ఆఫీసులో కూర్చుని చెనక్కాయలు వలుచుకుంటున్నాడు. ఆర్డరు అందుకుని తిరగేశాడు. తరవాత ముందు వైపు చూశాడు. తరవాత ఆమెను చూశాడు.

"ఏంటికి పట్టుకున్నారో రాసిచ్చినారా అమ్మయ్యా?"

"ఇచ్చినారు తాతా. ఇదో, ఇన్ని కాగితాలు."

ఆయన మొహం వెలిగిపోయింది. ఆ కట్టను రెండు చేతులా పట్టుకుని, "ఇచ్చినారా! బాగుండాది. చట్టం మారిండాది మ్మా" అని నాకేసి చూశాడు, నేనే మార్చినట్టు. మళ్ళీ ఆమెను అడిగాడు: "ఇది సరి కాదు, మళ్ళా చూడండి అని మీరు గూడా రాసియ్యొచ్చు గదా? ఇచ్చినారా?"

"ఇస్తిని తాతా. ఆయప్ప జైల్లో ఏలిముద్రేసి పంపిచ్చినాడు. నేనే కలెక్టరు పెద్దాఫీసుకు పోయి ఇచ్చొస్తిని."

"రశీదు యాడ?"

ఆమె బిత్తరపోయింది. "అంత పెద్ద ఆఫీసులో రశీదియ్యమని ఏ మొగం పెట్టుకోని అడిగేది తాతా? నమ్మకం లేనట్టుంటాది గదా. సారుకు కోపమొస్తే మొదటికే మోసం. దండం పెట్టి, మేజా మీద పెట్టి, సుమ్నే నోరు మూసుకోని వచ్చేస్తిని."

ఆయన కాయలు వలవడం ఆపేశాడు. చెనక్కాయల పొట్టు తువ్వాల్లోకి ఎత్తుకుంటూ, "మా నాయన గూడా అదే చేసినాడమ్మయ్యా" అన్నాడు. "నా కోసం అర్జీ రాయించుకోని పోయినాడు. చెప్పులు బయట ఇడిసి, దండం పెట్టి, పెట్టేసి వచ్చినాడు. రశీదు అడిగితే మర్యాద కాదనుకున్నాడు. ఆ కాగితం ఏమాయనో ఈ పొద్దుకూ తెలీదు. మనోళ్ళంతా ఇంతే. సంతలో నోరు తెరిచి గొర్రె పండ్లు ఎంచకుండా కొనరు, ఆఫీసులో మాత్రం నమ్మేస్తారు."

ఆ అర్జీ మళ్ళీ రాయించి, జైలుకు పంపి, వేలిముద్ర వేయించి తెప్పించాము. ఈసారి ముగ్గురం నా కారులో బయల్దేరాము. నేను వెళ్ళాల్సిన పని లేదు. ఆయన ఏం చేస్తాడో చూడాలనిపించింది, అంతే.

కలెక్టరాఫీసులో తపాలు తీసుకునే కిటికీ దగ్గర ఒక గుమాస్తా ఉన్నాడు. కాగితం తీసుకున్నాడు, రెండో కాపీ మీద సీలు మాత్రం వేయనన్నాడు. సీలు వేసే ఆయన సెలవంట. రేపు రమ్మన్నాడు.

"ఏంటికప్పా?" అని అడిగాడు మా పెద్దాయన.

"చెప్తిని గదా, ఆయన సెలవు."

"సరేప్పా. అదే మాట రాసియ్యి. 'సీలేసే ఆయన సెలవు, రేపు రాండి' అని. తీసుకోని పోతాం."

గుమాస్తా పెన్ను పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "అట్లెట్ల రాసిస్తాం? రూల్సులో లేదు."

"రూల్సులో లేదని రాసియ్యి. దాన్నే తీసుకోని పోతాం."

కోపం లేదు, గొంతు లేవలేదు. కిటికీ పక్కన బల్ల మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. జేబులోంచి చెనక్కాయలు తీసి సగం గుమాస్తా ముందు పెట్టాడు. మీది ఏ ఊరప్పా అన్నాడు. తాడిమర్రి అని తెలిసి, ఈ ఏడు వానెట్ల, కాయ పట్టిందా, అని మాట కలిపాడు. అరగంటకొకసారి లేచి కిటికీ దగ్గరికి పోయి, "ఏమన్నా రాసినావాప్పా?" అని అడిగి వచ్చి కూర్చునేవాడు. గొర్రెలామె భయంతో కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఫోన్‌లో తల దూర్చి నవ్వు ఆపుకుంటున్నాను.

మూడు గంటలు గడిచాయి. గుమాస్తా లేచాడు. బీరువా తీశాడు. సెలవు పెట్టిన ఆయన సీలు ఆ బీరువాలోనే ఉంది. ఠప్పున వేశాడు. పెద్దాయన తిరగేసి చూసి, "టైము గూడా ఏస్తే బాగుంటాదప్పా" అన్నాడు. గుమాస్తా గోడ గడియారం చూసి టైము కూడా వేసి, సంతకం పెట్టి, రెండు చేతులూ జోడించాడు. అది దండమో మొరో నాకు తెలీలేదు. ఈయన మాత్రం దండమే అనుకుని తిరిగి పెట్టి, మిగిలిన చెనక్కాయలు కూడా ఇచ్చేశాడు.

తిరిగొచ్చేటప్పుడు అడిగాను. "పెద్దాయనా, నువ్వు తప్పు చేయలేదు, నిన్ను పట్టుకున్నారు. ఈయన అట్లా కాదు గదా. మందు మోశాడు. ఈయన కోసం ఇంత తిప్పలేంటికి?"

వెనక సీట్లో ఆమె వింటోంది. అయినా ఆయన దాచలేదు.

"మోసినాడు. అందుకు నాలుగు కేసులుండాయి. సాక్షుల్ని పిలిచి, అడిగి, తప్పు తేలితే శిక్షెయ్యమను. నేను అడ్డం రాను, పోయి ముందర బెంచీలో కూర్చుంటా. అడక్కుండా లోపలేసేది మాత్రం కూడదు. నేను తప్పు చెయ్యలేదని నువ్వంటాండావు. నీకెట్ల తెలుసు? నాకే తెలీదు. ఎవరన్నా అడిగుంటే గదా తెలిసేది."

పెనుకొండ వచ్చేదాకా బండి నడుపుతూ కూర్చున్నాను.

అర్జీకి వారం పోయినా, రెండు వారాలు పోయినా, నెల పోయినా బదులు రాలేదు. హైకోర్టులో పని చేసే నా క్లాస్‌మేట్ ఒకతనికి కాగితాలన్నీ పంపాను. మనిషిని కోర్టు ముందు పెట్టి కారణం చెప్పమని అడిగే పిటిషన్ వేశాడు. వాయిదా రోజు ఫోన్‌లో లింకు పంపిస్తే ఇక్కడి నుంచే వినొచ్చన్నాడు. ఆ మాట చెప్పగానే పెద్దాయన, మా ఇంటికే రాండి మ్మా, సిగ్నలు బాగుంటాది అని పట్టుబట్టాడు. సిగ్నల్ ఒక సాకు. కోర్టు తన ఇంటికి రావాలని ఆయన కోరిక.

ధర్మవరంలో ఆయన ఇల్లు ఒక పొడుగాటి గది, అందులో రెండు మగ్గాలు. ఆ పొద్దు కొడుకు చేత రెండూ ఆపించాడు. పక్కిళ్ళలో ఆడుతున్న మగ్గాల చప్పుడు గోడల్లోంచి వస్తూనే ఉంది. నా ఫోన్‌ను మగ్గం పలక మీద, పట్టు కండెల డబ్బాకు ఆనించి పెట్టాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. జడ్జీలు తెర మీదికి రాగానే లేచి నిలబడ్డాడు. వాళ్ళకు మనం కనబడమని చెప్పినా కూర్చోలేదు. ఆయన్ను చూసి గొర్రెలామె కూడా నిలబడింది, ఆమెను చూసి కోడలు నిలబడింది. కూర్చున్న దాన్ని నేనొక్కదాన్నే. ఇక తప్పక నేనూ లేచాను.

మా కేసు పిలిచేసరికి పన్నెండయింది. ప్రభుత్వం వైపు లాయరు అర్జీ ఏదీ తమకు అందలేదన్నాడు. మా వాడు సీలున్న కాపీ చూపించాడు. తారీఖు, టైము, సంతకం. జడ్జి కళ్ళద్దాలు సవరించుకుని చదివి, ఇంగ్లీషులో అడిగాడు. ఇది మీ ఆఫీసు సీలేనా? అవునన్నాడు. మరి ఇన్ని రోజులు ఈ కాగితం ఏ బల్ల మీద ఉంది? తెలుసుకుని చెప్తానన్నాడు. ఒక మనిషి జైల్లో ఉండి రాసుకున్న కాగితాన్ని ఇన్నాళ్ళు ఎందుకు చూడలేదు? జవాబు లేదు. ఎందుకని అడుగుతున్నాను. అప్పుడూ జవాబు లేదు.

పెద్దాయనకు ఇంగ్లీషు రాదు. కానీ "వై" అనే మాట వచ్చు. అది తెర మీద వినబడినప్పుడల్లా ఆయన చెయ్యి వచ్చి నా మోచేతిని పట్టుకుంటోంది. గట్టిగా, నొప్పి పుట్టేటంతగా.

అర్జీని సకాలంలో చూడనందుకు ఆ నిర్బంధం చెల్లదని, ఇంకే కేసులోనూ అవసరం లేకపోతే మనిషిని వెంటనే వదలమని కోర్టు చెప్పింది. గొర్రెలామె నా మొహం చూస్తూ "ఏమన్నారక్కా, ఏమన్నారు?" అని గింజుకుంటోంది. చెప్పాను. ఆమె మగ్గం గుంట అంచున కూలబడి, నవ్వుతూ ఏడుస్తూ, "గొర్లు, గొర్లు" అని మాత్రం అనగలిగింది. కోడలు ఆమెను పట్టుకుంది.

పెద్దాయన ఇంకా నిలబడే ఉన్నాడు. "అడిగినారు మ్మా" అన్నాడు. "విడిపించమన్నారు పెద్దాయనా" అన్నాను నేను, ఆయనకు అర్థం కాలేదేమోనని. "అది సరే. అడిగినారు. నువ్వు ఇన్నావు గదా?" విన్నానని చెప్పాను. అప్పుడు కూర్చున్నాడు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కొడుకు మగ్గం మొదలుపెట్టబోతే నేనే సైగ చేసి ఆపాను. కాసేపటికి తువ్వాలు తీసి, ఏమీ జరగనట్టు, "ఇంత దూరం వస్తిరి, అన్నం తినకుండా పంపిస్తామా?" అని కోడలి మీద కేకలేశాడు. ఆ పొద్దు చారులో చింతపండు ఎక్కువైంది. ఏంటికని అడగలేదు.

కడప జైలు నుంచి వచ్చిన మనిషి భార్యను వెంటబెట్టుకుని ధర్మవరం పోయి ఆయన కాళ్ళకు మొక్కబోతే, ఆయన దీవించలేదంట. "మళ్ళా ఆ ప్యాకెట్లు మోసినావంటే నేనే పోయి సాక్ష్యం చెప్తా. అయితే కోర్టులో చెప్తా" అన్నాడంట. ఆమే నాతో చెప్పి నవ్వింది.

పాత కేసులు అట్లే ఉన్నాయి కదా. అందులో ఒకటి, పెనుకొండ దగ్గర ప్యాకెట్లతో దొరికినది, మరుసటి ఏడాది విచారణకొచ్చింది. ఇచ్చిన మాట ప్రకారం పెద్దాయన ముందు బెంచీలోకి మారాడు. కానిస్టేబుళ్ళను అడిగారు, పంచనామా సాక్షిని అడిగారు, ఆఖరికి ముద్దాయిని అడిగారు. ఆ బండి తనది కాదన్నాడు. నేనే వాదించాను, శక్తి కొద్దీ. కేసు ఓడిపోయాను. జైలు శిక్ష పడింది. అయితే బెయిలుకు ముందు రిమాండులో ఉన్న రోజులు తీసేస్తే మళ్ళీ లోపలికి పోవలసిన పని లేకపోయింది.

బయటికొచ్చాక చింత చెట్టు కింద ముద్దాయి ముఖం మాడ్చుకుని నిలబడ్డాడు. "ఏం లాభం లాయరక్కా? హైకోర్టు వదిలె, ఈడ తప్పు చేస్తివనిరి. ఇంత తిరిగి ఊర్లో నా పేరు చెడె" అన్నాడు. నాకూ ఓడిపోయిన చిరాకు. తీర్పు కాపీ అతని చేతిలో పెట్టి, అప్పీలు వేద్దామా వద్దా చూసి చెప్పమన్నాను. అతను దాన్ని రెండుగా మడిచి జేబులో కుక్కుకోబోతుంటే, పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి తీసుకున్నాడు. ముందు తిరగేశాడు. తరవాత చదవసాగాడు. ఆ మేజిస్ట్రేటమ్మ తెలుగులోనే తీర్పు రాసే మనిషి, అందుకని ఆయన ఎవర్నీ అడగాల్సిన పని లేకపోయింది. చెట్టు మొదట్లో కూర్చుని, వేలితో వరసల వెంబడి పోతూ చదువుతున్నాడు. మేము టీ తాగి వచ్చినా ఆయన తల ఎత్తలేదు.

"ఓరబ్బీ, ఇట్ల రా" అని పిలిచాడు చివరికి. "ఈడ చూడు. బండి నాది కాదని నువ్వు చెప్పిన మాట గూడా రాసినారు."

"రాసి ఏం లాభం తాతా? నమ్మలేదు గదా."

"నమ్మలేదు. ఏంటికి నమ్మలేదో గూడా రాసినారు చూడు. బండి తాళం నీ జేబులో దొరికెనంట, అందుకు. ఆ సాక్షి నిన్ను ముందు నుంచి ఎరుగునంట, అందుకు. ఒకటి, రెండు, మూడు అని నెంబర్లేసి రాసినారు." ఆయన కట్ట తిప్పి ఆఖరి పేజీ నెంబరు చూశాడు. "పదకొండు పేజీలప్పా! నీ కోసమని కూర్చోని ఒకామె పదకొండు పేజీలు రాసింది. నాకు ఒక్క వరస గూడా ఇయ్యలేదు."

అతను భార్యను చూశాడు. ఆమె తల దించుకుంది. నేనూ అటు తిరిగి నిలబడ్డాను. నా బీరువాలో ఇట్లాంటి తీర్పులు అడుగెత్తున పడున్నాయి. గెలిచామా ఓడామా అని చివరి పేజీ చూసి కట్ట కట్టేస్తాను.

"అప్పీలు వద్దులే అక్కా" అన్నాడు అతను కాసేపటికి. "తాతా, అది నువ్వే పెట్టుకో."

పెద్దాయన వద్దనలేదు. కాగితాలు సమంగా సర్ది, తువ్వాల్లో చుట్టి, చంకలో పెట్టుకున్నాడు. స్టేషన్ దగ్గర నేనే దింపాను. ధర్మవరం రైలుకు ఇంకా నలభై నిమిషాలుంది. బండి తిప్పుకుంటూ చూస్తే, ప్లాట్‌ఫారం చివర సిమెంటు బల్ల మీద కూర్చుని, తనది కాని నేరం గురించి తనకు కాకుండా రాసిన ఆ పదకొండు పేజీలను మొదటి నుంచి మళ్ళీ చదువుకుంటున్నాడు.